గుర్తుల గుంపులు, 161 మీటర్ల లెక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇతరులు దాచిన పెట్టెలను జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే జియోక్యాషింగ్ ఆట మా మిత్రబృందానికి వ్యసనంగా మారింది. వెతకదలచిన పెట్టెల వివరాలను జీపీఎక్స్ ఫైలుగా దించుకొని, వెబ్ మ్యాపులు తయారుచేసే లీఫ్‌లెట్ అనే ప్రోగ్రామ్ సాధనంతో సొంతంగా ఒక మ్యాప్ తయారు చేసుకున్నాను. దూరం నుంచి చూస్తే గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి కందిరీగల తుట్టెలా కనిపించేవి. గుర్తులను గుంపులుగా చూపే మార్కర్‌క్లస్టర్‌ను జోడించాక ఇంకో చిక్కు వచ్చింది. వీధుల పేర్లు చదవగలిగేంత దగ్గరికి వచ్చినా, గుర్తుల మధ్య బోలెడంత ఖాళీ ఉన్నా, గుంపులు విడిపోవడం లేదు. ఏ జూమ్ దగ్గర విడగొట్టాలో తేల్చే లెక్క ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. పైగా ఆ లెక్కకు కావలసిన అంకె మీ ఆట నియమాల్లోనే దొరుకుతుంది. (ముందుగా ఒక మాట: ఆటగాళ్ళు పెట్టెను క్యాష్ అంటారు కాని, ఆ మాటను మన లిపిలో రాస్తే చదివేవారికి నగదే గుర్తుకు వస్తుంది కనుక ఇక్కడ పెట్టె అనే రాస్తున్నాను.) జియోక్యాషింగ్.కామ్ నియమం ప్రకారం, నేల మీద నిజంగా దాచిన రెండు పెట్టెల మధ్య కనీసం 528 అడుగులు, అంటే మైలులో పదో వంతు, మన కొలతలో సుమారు 161 మీటర్ల ఎడం ఉండాలి. దారి పొడవునా వరసగా పెట్టెలు దాచే పవర్ ట్రెయిల్స్ వేసేవారు సరిగ్గా ఈ హద్దును పట్టుకొనే దాస్తారు కాబట్టి, మ్యాప్ కిక్కిరిసే చోట రెండు గుర్తుల మధ్య మీకు కనిపించే దూరం ఇంచుమించు ఇదే.

ఇప్పుడు ఈ 161 మీటర్లు తెర మీద ఎన్ని పిక్సెళ్ళు అవుతాయో చూద్దాం. ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎక్కువగా వాడే వెబ్ మెర్కేటర్ పద్ధతిలో సున్నా జూమ్ దగ్గర ప్రపంచమంతా 256 పిక్సెళ్ళ చదరంలో ఇమిడిపోతుంది. జూమ్ ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఆ వెడల్పు రెట్టింపవుతూ పోతుంది. భూమధ్యరేఖ దగ్గర 10వ జూమ్‌లో ఒక్క పిక్సెల్ సుమారు 153 మీటర్ల నేలను చూపుతుంది, అంటే పక్కపక్క పెట్టెల మధ్య ఎడం ఒక్క పిక్సెల్‌కు కాస్త ఎక్కువ. 14వ జూమ్‌లో అది 17 పిక్సెళ్ళు, 15లో 34, 16లో 67 అవుతుంది. లీఫ్‌లెట్‌తో పాటు వచ్చే మామూలు గుర్తు వెడల్పు 25 పిక్సెళ్ళు కనుక, అడ్డంగా సాగే దారి మీద 14 దాకా గుర్తులు ఒకదాన్నొకటి కప్పుకుంటాయి, 15 దగ్గర ఊపిరి పీల్చుకుంటాయి. ఆ గుర్తు ఎత్తు 41 పిక్సెళ్ళు కాబట్టి నిలువుగా సాగే దారిలో 15 దగ్గర కూడా కొంచెం రాసుకుంటాయి. నా మటుకు నాకు అది ఇబ్బందిగా అనిపించలేదు, ఎందుకంటే వేలితో తాకడానికి ప్రతి గుర్తు తల భాగమూ బయటికే ఉంటుంది. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఈ పద్ధతి నేలను సాగదీసి చూపుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ సాగుదల సరిగ్గా రెట్టింపు కాబట్టి అక్కడ ఇదే ఎడం ఒక మెట్టు ముందుగా, 14లోనే దొరుకుతుంది.

మీ చిక్కుకు మూలం మార్కర్‌క్లస్టర్‌లో ముందే పెట్టి ఉన్న విలువ. గుంపు వ్యాసార్ధం అందులో 80 పిక్సెళ్ళు. 16వ జూమ్‌లో కూడా పక్కపక్క పెట్టెల మధ్య 67 పిక్సెళ్ళే ఉంటాయి కాబట్టి, కంటికి ఎంత ఖాళీ కనబడినా, ప్రోగ్రామ్ వాటిని దగ్గరివిగానే లెక్కించి కలిపేస్తుంది. 17కు వెళ్ళి ఎడం 135 అయితే తప్ప వదలదు. దుకాణాలనో బస్టాపులనో చూపించే మ్యాపుకు 80 బాగానే ఉండవచ్చు కాని, ఈ ఆటకు అది పెద్ద అంకె.

చాలామంది ఇక్కడ డిజేబుల్‌క్లస్టరింగ్ఎట్‌జూమ్ అనే ఐచ్ఛికానికి 15 అని ఇచ్చి ఊరుకుంటారు. నేనైతే ఆ పని చేయను. ఆ జూమ్ నుంచి గుంపు కట్టడమే ఆగిపోతుంది కనుక, సరిగ్గా ఒకే బిందువు మీద పడిన రెండు గుర్తులలో కిందిది ఇక ఎప్పటికీ చేతికి చిక్కదు. 161 మీటర్ల నియమం అన్ని గుర్తులకూ వర్తించదన్న సంగతి ఇక్కడ మరచిపోరాదు. మిస్టరీ రకం పెట్టెలకు మ్యాప్‌లో కనిపించే ప్రశ్నార్థకం చాలాసార్లు అసలు చోటు కాదు. పజిల్ విప్పినవారికే నిజమైన అక్షాంశ రేఖాంశాలు తెలుస్తాయి కనుక, ఆ ఉత్తుత్తి బిందువు మరో పెట్టెకు ఆనుకుని ఉన్నా అభ్యంతరం ఉండదు. వాహనం నిలిపే చోటును సూచించే గుర్తులూ అంతే. అందుచేత వ్యాసార్ధానికి ఒకే అంకె ఇవ్వకుండా, జూమ్‌ను బట్టి మారే ఫంక్షన్ ఇవ్వండి. వ్యాసార్ధాన్ని నిర్ణయించే మ్యాక్స్‌క్లస్టర్‌రేడియస్ అనే ఐచ్ఛికం దానిని అంగీకరిస్తుంది. 12 దాకా 60, 13, 14లలో 40, 15 నుంచి 20 పిక్సెళ్ళు అని పెట్టి చూడండి. 15 దగ్గర 34 పిక్సెళ్ళ ఎడంలో ఉన్న పెట్టెలు విడిపోతాయి. ఒకే బిందువు మీద ఉన్నవి మాత్రం గుంపుగానే ఉండి, తాకినప్పుడు సాలీడు కాళ్ళలా చుట్టూ విచ్చుకుంటాయి. ఆ విచ్చుకునే ఏర్పాటు మార్కర్‌క్లస్టర్‌లో ముందే ఉంది, మీరు విడిగా రాయనవసరం లేదు.

ప్రశ్న: మ్యాప్‌లో గుంపును సూచించే గుండ్రటి బిళ్ళ మీద 46 అని ఉంటుంది. తీరా తాకి లోపలికి వెళితే అందులో నలభై దాకా నేను ఎప్పుడో కనుక్కున్నవే. ఈ అంకె వల్ల ప్రయోజనం ఏమిటి?

జవాబు: మీ విసుగు న్యాయమైనదే. అక్కడ ఎన్ని గుర్తులు ఉన్నాయో చెప్పడం వరకే ఆ అంకె పని; మీరు వెతుకుతున్నది మాత్రం మీకు ఇంకా మిగిలినవి ఎన్ని అన్నది. పైగా ముందే ఇచ్చి ఉన్న రంగులు (పదికి లోపు ఆకుపచ్చ, వందకు లోపు పసుపు, ఆపైన నారింజ) అంకె చెప్పిన మాటనే మళ్ళీ చెబుతాయి. ఒకే కబురు రెండుసార్లు మోయడానికి రంగు ఎందుకు?

వడకట్టడం ముందు, గుంపు కట్టడం తరువాత అన్న వరుస తప్పకండి. గుంపులు కట్టాక ఒక్కొక్క గుర్తును దాచడం మొదలుపెడితే బిళ్ళ మీది అంకె పాతదే మిగిలిపోవచ్చు. కనుక్కున్నవి, నిర్వాహకులు తాత్కాలికంగా ఆపినవి, మీ సొంత పెట్టెలు, వీటన్నింటినీ జాబితా దశలోనే తీసివేసి, మిగిలినవాటినే గుంపు కట్టే ప్రోగ్రామ్‌కు అందించండి. వాహనం నిలిపే చోట్లను, ఒక చోటి నుంచి మరో చోటికి నడిపించే మల్టీ పెట్టెల మధ్య మజిలీలను లెక్కలోకే రానివ్వక వేరే పొరలో ఉంచండి. అయిదు మజిలీలున్న ఒక్క మల్టీ పెట్టె లెక్కను ఆరుగా చూపితే మిమ్మల్ని మీరే మోసగించుకున్నట్టు. విప్పిన మిస్టరీలకు సరిదిద్దిన అక్షాంశ రేఖాంశాలనే ఇవ్వాలి. లేకపోతే ఆ పెట్టె రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న పరాయి గుంపులో చేరి కూర్చుంటుంది.

కనుక్కున్నవి కూడా కనిపించాలని కోరుకునేవారు బిళ్ళను వలయంగా గీసుకోవచ్చు: వలయంలో నిండిన భాగం కనుక్కున్నవి, ఖాళీ భాగం మిగిలినవి, మధ్యలో అంకె మిగిలినవాటి సంఖ్య. మార్కర్‌క్లస్టర్‌లో బిళ్ళను మీరే గీసే ఫంక్షన్‌కు గుంపులోని గుర్తులన్నీ అందుబాటులో ఉంటాయి కాబట్టి లెక్కపెట్టుకోవడం తేలిక. గుంపులు కట్టే మరో ప్రోగ్రామ్ సూపర్‌క్లస్టర్‌ను వాడేవారికి మ్యాప్, రెడ్యూస్ అనే రెండు ఐచ్ఛికాలు అదే పని చేస్తాయి. పెట్టెను కనుక్కునే కష్టానికి, అక్కడికి చేరే దారికి చెరి 1 నుంచి 5 దాకా అర చొప్పున తొమ్మిదేసి మెట్లు ఉంటాయి కదా, ఆ 81 జతలనూ పూర్తి చేయాలనే పట్టుదల ఉన్నవారికి మరో ఉపాయం: తమ పట్టికలో ఇంకా ఖాళీగా ఉన్న జత ఏదైనా గుంపులో ఉంటే బిళ్ళ అంచును మందంగా గీయమనండి. వారికి ఆ మందపు అంచు 46 అనే అంకె కంటే ఎంతో విలువైనది.

ప్రశ్న: చెరువు చుట్టూ ఉన్న పెట్టెల గుంపు బిళ్ళ నీళ్ళ నడుమ కనిపిస్తోంది. ఇది ప్రోగ్రామ్ తప్పా?

జవాబు: తప్పు కాదు, సగటు చేసే చిలిపితనం. అనేక ప్రోగ్రాములు గుంపులోని బిందువుల సగటు స్థానంలో బిళ్ళను నిలబెడతాయి. వలయంగా ఉన్న బిందువుల సగటు వలయం మధ్యలోకే వస్తుంది. నేను తయారు చేసుకున్న తొలి మ్యాప్‌లోనూ ఇదే జరిగింది. దానిని చూసిన మిత్రుడొకడు పడవ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. సగటుకు అన్నింటికన్నా దగ్గరగా ఉన్న అసలు పెట్టె మీదికి బిళ్ళను జరపండి, కనీసం గట్టు మీదికైనా వస్తుంది.

ప్రశ్న: కొందరు మిస్టరీ పెట్టెల గుర్తులను మ్యాప్ మీద బొమ్మ ఆకారంలో పేరుస్తారు. గుంపులు కట్టగానే ఆ బొమ్మ మాయమవుతోంది. రెండూ కుదరవా?

జవాబు: ఒకే పొరలో కుదరవు. జియోఆర్ట్ అనే ఆ బొమ్మకు ప్రాణం గుర్తుల పేర్పులోనే ఉంటుంది, గుంపు కట్టడమంటే ఆ పేర్పును చెరపడమే. బొమ్మకు చెందిన పెట్టెలను వేరే పొరలో ఉంచి, గుంపు కట్టకుండా నాలుగు పిక్సెళ్ళ చిన్న చుక్కలుగా చూపండి. విప్పినవాటిని మాత్రం బొమ్మలోంచి తీసి వాటి అసలు చోటికి పంపాలి. బొమ్మలో అక్కడక్కడ పళ్ళూడినట్టు ఖాళీలు ఏర్పడితే అది మీ ప్రగతికి గుర్తే.

ప్రశ్న: జియోక్యాషింగ్.కామ్ నుంచి పెట్టెల వివరాలను ఫైలుగా తెచ్చుకునే పాకెట్ క్వెరీ ఒక్కోదానికి 1000 పెట్టెల పరిమితి ఉంది కాబట్టి ఆరు ఫైళ్ళు కలిపి వాడుతున్నాను. కంప్యూటర్‌లో బాగానే ఉన్నా, ఫోన్‌లో మ్యాప్ తెరుచుకునేసరికి తెర కొన్ని క్షణాలు కొయ్యబారిపోతోంది.

జవాబు: మీరు ఆరు వేల గుర్తులను ఒక్కొక్కటిగా జోడిస్తున్నారని నా అనుమానం. అలా చేస్తే ప్రతి గుర్తుకూ గుంపుల అమరిక మళ్ళీ సరిచూడవలసి వస్తుంది. అన్నింటినీ ఒక జాబితాగా చేర్చి యాడ్‌లేయర్స్ అనే ఫంక్షన్‌కు ఒకేసారి ఇవ్వండి, చంక్డ్‌లోడింగ్ అనే ఐచ్ఛికాన్ని ఆన్ చేయండి. అది పనిని చిన్న చిన్న వాయిదాలుగా చేస్తూ, నడుమ నడుమ తెరకు వ్యవధి ఇస్తుంది కనుక వేలితో మ్యాప్‌ను కదిలించడం ఆగదు. విడిపోయేటప్పుడూ కలిసేటప్పుడూ వచ్చే కదలికలను పాత ఫోన్లలో ఆపివేయడం మంచిది. అప్పటికీ చాలకపోతే సూపర్‌క్లస్టర్‌కు మారండి. ప్రతి జూమ్‌కూ గుంపులను మొదట్లోనే లెక్కగట్టి పెట్టుకుంటుంది, తరువాత తెరలో కనబడే మేరకే అడిగి తెచ్చుకోవడం. దాని వ్యాసార్ధం ముందుగా 40 అని ఉంటుంది (సున్నా జూమ్ ప్రపంచాన్ని 512 పిక్సెళ్ళుగా లెక్కించి, అంటే మన 256 లెక్కలో 20), గుంపు కట్టే ఆఖరి జూమ్ 16. మొదటి జవాబులోని లెక్కతో ఈ రెండింటినీ సరిచూసుకోండి. మార్కర్‌క్లస్టర్‌లో లాగా గుర్తులు సాలీడు కాళ్ళలా విచ్చుకునే ఏర్పాటు మాత్రం అందులో లేదు, ఒకే బిందువు మీది గుర్తులను విడదీసి చూపే కోడ్‌ను మీరే రాసుకోవాలి.

ఇక కాలినడకన వెతకడానికి బయలుదేరాక ఆరు వేల పెట్టెలతో పని లేదు. మీరున్న చోటికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్నవాటిని మాత్రమే చూపే మీట ఒకటి మ్యాప్‌లో పెట్టుకోండి, దానిని నొక్కగానే గుంపులు కట్టడం కూడా ఆగిపోయేలా చూడండి. ఒకే బిందువు మీది గుర్తులుంటే ఆ కొద్దింటినీ పేర్ల పట్టికగా కింద చూపితే చాలు.