నా వ్యాసాన్ని నేను పంచుకోకూడదా?

ప్రశ్న: నేను కోనసీమలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. రొయ్యల చెరువుల పక్కనున్న బోర్లలో నీరు ఉప్పబారడంపై నేను రాసిన వ్యాసం ఒక విదేశీ చందా జర్నల్‌లో (చందా కట్టినవారే చదవగలిగే పత్రికలో) వచ్చింది. దాన్ని కళాశాల వెబ్‌సైటులో ఉంచి, నీటి నమూనాలు ఇచ్చిన రైతులకు వాట్సాప్‌లో పంపాలనుకుంటున్నాను. వ్యాసం కళాశాలదేనని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. ఊరికే దొరికే పరిశోధనకు విలువ ఉండదని సీనియర్లు అంటున్నారు. చట్టం ఏమంటుంది?
— ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలో మూడు తగాదాలు కలగలిసి ఉన్నాయి. వాటిలో చట్టానికి సంబంధించినవి రెండే.

కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయితే. అయితే ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచన, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగమిచ్చినవారికి చెందుతుందని అదే సెక్షన్‌లోని (సి) క్లాజు చెబుతుంది. మిమ్మల్ని నియమించింది పాఠం చెప్పడానికైతే, సొంత చొరవతో రాసిన వ్యాసం ఆ క్లాజు కిందికి రాదని గట్టిగానే వాదించవచ్చు. అయినా నియామక ఉత్తర్వును, సర్వీసు నిబంధనలను ఒకసారి తీసి చదవండి. ప్రిన్సిపాల్ గారు సరేనంటే ఈ వివాదం అక్కడే ఆగుతుంది.

అసలు చిక్కు ప్రచురణకర్తతో ఉంది. వ్యాసాన్ని తీసుకున్నామన్న మెయిల్ రాగానే, ఆ సంతోషంలో, వచ్చిన పత్రం మీద సంతకం చేసి పంపేసి ఉంటారు. ఆ పత్రాన్ని చివరిదాకా చదివిన అధ్యాపకులు నాకు అరుదుగా తగిలారు. అది హక్కుల బదలాయింపా, కేవలం లైసెన్సా (వాడుకోవడానికి ఇచ్చే అనుమతా) అన్నదాని మీదే మీకిప్పుడు ఏం మిగిలిందన్నది ఆధారపడి ఉంటుంది. సెక్షన్ 19 ప్రకారం బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే చెల్లుతుంది. కానీ పెద్ద ప్రచురణ సంస్థలు ‘హక్కు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అని ముందే రాసుకుంటాయి కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోకండి.

హక్కు బదలాయించినా దారి పూర్తిగా మూసుకుపోదు. జర్నల్ పేజీల రూపంలో, లోగోతో వచ్చిన పీడీఎఫ్ వేరు. జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించిన సమీక్షకుల సూచనల మేరకు మీరు సవరించి చివరిగా పంపిన వర్డ్ ఫైలు వేరు. మొదటిదాన్ని వెబ్‌సైటులో పెట్టడం సాధారణంగా ఉల్లంఘనే. రెండోదాన్ని, కొన్ని నెలల గడువు తర్వాత, సంస్థాగత భాండాగారంలో, అంటే కళాశాల తన వాళ్ల రచనలను ఆన్‌లైన్‌లో దాచే చోట, ఉంచుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. ఆ షరతులు జర్నల్ వెబ్‌సైటులోనే ఉంటాయి. చదివి, ఆ పేజీని ప్రింటు తీసి దాచుకోండి. మీ పరిశోధనకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ లేదా సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ నిధులు ఉంటే, ఆ వర్డ్ ప్రతిని అందరికీ అందుబాటులో ఉంచాలన్నది ఆ శాఖల 2014 నాటి విధానం. ప్రిన్సిపాల్ గారికి ఆ సంగతీ చూపించండి.

‘ఒకే దేశం–ఒకే చందా’ వచ్చింది కదా అని కొందరు అంటారు. 2025 జనవరి 1న మొదలైన ఆ పథకం, కేంద్రమే జర్నళ్లకు చందా కట్టే ఏర్పాటు, ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలవారి కోసం వచ్చింది. మీ ప్రైవేటు కళాశాలకు గానీ, మలికిపురం రైతుకు గానీ దానితో ఒరిగేదేమీ లేదు.

సీనియర్ల మాట చట్టం కాదు, అభిప్రాయం. డబ్బు కడితే వారంలో అచ్చువేసే నకిలీ జర్నళ్లను చూసి చూసి, ‘ఓపెన్ యాక్సెస్’ (ఎవరైనా ఉచితంగా చదువుకునే వీలు) అనగానే వారికి అవే గుర్తొస్తున్నాయి. ఆ భయం అకారణం కాదు గానీ, గురి తప్పింది. పేరున్న చందా జర్నల్‌లో సమీక్ష దాటిన వ్యాసం ప్రతిని అందరికీ అందేలా ఉంచితే ఆ సమీక్ష చెరిగిపోదు.

ఇక రైతుల సంగతి. వాట్సాప్ గ్రూపులో జర్నల్ పీడీఎఫ్ పెట్టవద్దు. వాక్యం వెంట వాక్యం తెలుగులోకి మార్చి పంపడమూ వద్దు, ఎందుకంటే అనువాదం చేసే హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే. కానీ సమాచారానికి, కొలతలకు కాపీరైట్ లేదు. ఏ బోరులో ఉప్పు ఎంత పెరిగింది, చెరువుకు ఎంత దూరంలో తగ్గింది అన్నవి ఎవరి సొత్తూ కావు. వాటిని మీ మాటల్లో రెండు పేజీల తెలుగు కరపత్రంగా కొత్తగా రాసి, పటాలను జర్నల్ నుంచి తీసుకోకుండా మీ నోటుబుక్కులోని లెక్కల నుంచి మళ్లీ గీయించి పంచండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.