గడగడా చదువుతాడు, అడిగితే చెప్పలేడు: ఏం చేయాలి?

ట్యూషన్ మార్చే ముందు కాస్త ఆగండి. ఎనిమిదో తరగతి చదివే మీ బాబు పాఠం పైకి గడగడా చదువుతాడనీ, పుస్తకం మూసి అడిగితే ఒక్క ముక్క చెప్పలేడనీ, స్కూల్లో శ్రద్ధ లేదంటున్నారనీ రాశారు. అది శ్రద్ధ లేకపోవడం కాకపోవచ్చండి. నేను కోనసీమలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా తమ్ముడికీ, మా అమ్మాయికీ కూడా "చదివింది బుర్రకెక్కదు" అనే పేరే వచ్చింది. కారణాలు మాత్రం పూర్తిగా వేరు. మీరు ముందు తేల్చుకోవాల్సింది ఆ కారణమే.

ఇంట్లోనే ఇలా చూడండి. బాబు ఇంతవరకు చదవని పేజీ ఒకటి, తన తరగతి స్థాయిలోది తీసుకుని మీరే నిదానంగా చదివి వినిపించండి. "ఏం జరిగింది? ఎందుకలా జరిగింది?" అని మాటల్లోనే అడగండి. ఇంకో రోజు అలాంటిదే మరో పేజీ తననే చదువుకోమని, అదే తీరులో అడగండి. విన్నప్పుడు చక్కగా చెప్పి, చదివినప్పుడు చెప్పలేకపోతే చిక్కు అక్షరాల దగ్గర ఉంది. విన్నా చెప్పలేకపోతే ఆ భాష దగ్గరో, ఆ విషయం ముందు తెలియకపోవడం దగ్గరో ఉంది. 1986లో గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు దీన్ని ఒక లెక్కలా చెప్పారు. రాసినదాన్ని చూసి అది ఏ మాటో గుర్తుపట్టడం ఒకటి, విన్న మాటను అర్థం చేసుకోవడం ఒకటి. ఈ రెండూ హెచ్చవేస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. కూడిక కాదు, హెచ్చవేత. ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా ఫలితం సున్నాయే.

మా తమ్ముడిది మొదటి రకం. వత్తులూ గుణింతాలూ కలిసిన చోట ఆగిపోయేవాడు, లైను చివరికి వచ్చేసరికి మొదట ఏముందో మర్చిపోయేవాడు. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది కొంచెమే కదా. అదంతా అక్షరాలు కూడబలుక్కోవడానికే సరిపోతే అర్థానికి ఏం మిగులుతుంది? అదే పాఠం మా నాన్న చదివి వినిపిస్తే మర్నాడు మాకే తిరిగి చెప్పేవాడు. ఇప్పుడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. మందు డబ్బా మీద రాసింది ఫోన్లో గూగుల్ లెన్స్‌తో ఫోటో తీసి వింటాడు. ఎకరానికి ఎంత వేయాలో ఒకసారి వింటే చాలు, మర్చిపోడు. అలాంటి పిల్లాణ్ణి క్లాసులో నిలబెట్టి అందరి ముందూ చదివించేవారు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఇలాంటి పిల్లలకు ఒక్కో లైనే కనిపించేలా అట్టముక్క అడ్డం పెట్టడం, పొడుగాటి సంధి పదాల మధ్య పెన్సిల్ గీత పెట్టి విడగొట్టడం, మనం చదువుతుంటే వేలితో వెంట రమ్మనడం బాగా పనికొస్తాయి.

మీ బాబు తడుముకోకుండా చదువుతున్నాడంటే రెండో రకమేమోనని నా అనుమానం. మా అమ్మాయిది అదే. ధవళేశ్వరం ఆనకట్ట గురించిన పాఠం ఒక్క తప్పు లేకుండా చదివింది. 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది, కట్టించింది ఆర్థర్ కాటన్, అన్నీ అప్పజెప్పింది. "మరి ఆనకట్ట కట్టాక పొలాలకి నీళ్ళెలా వచ్చాయి?" అంటే తెల్లమొహం వేసింది. తన దృష్టిలో ఆనకట్ట అంటే నీళ్ళను ఆపే గోడ. ఆపేస్తే పొలాలకి ఎలా వస్తాయి? అడ్డు కడితే నీటి మట్టం పెరుగుతుందనీ, పెరిగిన నీరు కాలువల్లోకి మళ్ళుతుందనీ పాఠంలో విడమరిచి లేదు. రాసినవాళ్ళు అది అందరికీ తెలిసిందే అనుకుని ఉంటారు.

సాయంత్రం మా ఊరి కాలువ లాకుల దగ్గరికి, అంటే నీటిని ఆపి వదిలే తలుపుల దగ్గరికి, తీసుకెళ్ళాను. ఎగువన నీరెంత ఎత్తులో ఉందో, దిగువన ఎంతుందో చూపించాను. ధవళేశ్వరం దగ్గర నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు ఎలా విడిపోతాయో, మనది మధ్య డెల్టా ఎలా అయిందో నేల మీద గీసి చెప్పాను. ఇంటికొచ్చి మళ్ళీ చదివి, "వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు తాగడానికి నీళ్ళెలాగమ్మా?" అని తనే అడిగింది. పాఠం అర్థమైందనడానికి నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

అందుకని చదివించే ముందు ఆ విషయం మీద కాసేపు మాట్లాడండి. ఒక్కో పేరా అవ్వగానే ఆపి, సొంత మాటల్లో చెప్పమనండి. ఇంగ్లీష్ మీడియమైనా సరే, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పనివ్వండి. గైడులో జవాబులకు గీతలు పెట్టి బట్టీ పట్టించే ట్యూషన్లంటే నాకు భయం. మార్కులొస్తాయి, లోపం కనబడదు, ఎప్పుడూ చూడని పేరా పరీక్షలో ఇచ్చినరోజు పిల్లాడు బిక్కమొహం వేస్తాడు.

వీటన్నిటికంటే ముందు కళ్ళు, చెవులు చూపించండి. కథ విన్నా, ఆటలో ఉన్నా, ఏ పనిలోనూ మనసు నిలవకపోతే అది వేరే సంగతి, అదీ డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో శ్రద్ధగా చేసినా మార్పు కనిపించకపోతే క్లినికల్ సైకాలజిస్ట్ చేత పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం 18 ఏళ్ళ వరకు పిల్లలకు వర్తిస్తుంది, అందులో నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా ఉన్నాయి. జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ, అంటే ఇలాంటి పిల్లల్ని పరీక్షించే కేంద్రం, ఎక్కడని అడగండి. డిస్లెక్సియా (అక్షరాలు పోల్చుకుని చదవడంలో ఉండే ఇబ్బంది) లాంటివి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేరాయి. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువపత్రం ఉన్నవారికి రాత పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలున్నాయి. ఆ పత్రం ఒక్క రోజులో చేతికి రాదు. అవసరమని తేలితే పదో తరగతి దాకా ఆగకండి, తొమ్మిదిలో ఉండగానే హెడ్మాస్టర్ గారిని కలిసి ఏ కాగితాలు కావాలో రాయించుకోండి.

ముందు ఆ రెండు పేజీల పరీక్ష చేసి చూడండి. ఏం తేలిందో రాస్తే, దాన్నిబట్టి ఎలాంటి పాఠాలతో మొదలుపెట్టాలో చెప్తాను.