జట్టులోవాళ్లే వేధిస్తుంటే: తట్టుకోమని చెప్పాలా, ఇంటికి తెచ్చేయాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అబ్బాయికి పదహారేళ్లు, ఫుట్‌బాల్‌లో డిఫెండర్. పోయిన ఏడాది ట్రయల్స్‌లో సెలక్ట్ అయ్యి భువనేశ్వర్‌లో ఒక అకాడమీ హాస్టల్లో చేరాడు. అక్కడే ప్లస్ టూ చదువుతున్నాడు. దసరాకి ఇంటికొచ్చినవాడు మళ్లీ వెళ్లనంటున్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. సీనియర్లు వాడి చేత బట్టలు ఉతికిస్తారట. వాడి ఒడియా యాసని, ఒంటి రంగుని వెక్కిరిస్తారట. పాస్ తప్పితే ఇంత, ఎదురు మాట్లాడితే ఇంత అని ఫైన్లు వేసి మేం పంపే డబ్బులు లాక్కుంటారట. మెస్సులో వాడి పక్కన ఎవరూ కూర్చోరట. వాళ్ల నాన్నేమో "పెద్ద ప్లేయర్ కావాలంటే మనసు గట్టిపడాలి. ఇంతకే ఏడిస్తే రేపు క్లబ్బుల్లో ఏం ఆడతాడు?" అంటున్నారు. వచ్చిన రోజు విప్పిన బూట్లు మంచం కింద మట్టితో అలాగే పడున్నాయి. పంపమంటారా, మానిపించమంటారా?
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీరు రాసిన వాటిలో ఆ బూట్ల మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఆడే పిల్లవాడు ఒక పూట అన్నమైనా మానేస్తాడు గానీ బూట్లను అలా వదిలెయ్యడు. అందుకని ముందు సూటిగా చెబుతాను. ఇప్పుడే పంపకండి. అలాగని మానిపించేశామని కూడా ఎవరికీ చెప్పకండి. ఒక పదిహేను రోజులు ఇంట్లోనే ఉంచుకోండి. సెలవు చీటీలో జ్వరమనో, ఇంట్లో పెళ్లనో రాయకండి. హాస్టల్లో జరిగిన వాటి గురించి మాట్లాడాల్సి ఉంది, మేమే వస్తున్నాం అని రాయండి. అబద్ధం రాస్తే రేపు మీ ఫిర్యాదుకే అది అడ్డం వస్తుంది.

ఇక మీవారి మాట. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం. ఈ ఆట మెత్తటి మనసుతో నడవదు. కోచ్ పదిమందిలో అరుస్తాడు. తొంభై నిమిషాలు బాగా ఆడి చివర్లో ఒక్క తప్పు చేస్తే ఊరంతా దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. సీజనంతా బెంచి మీద కూర్చోవాల్సి రావచ్చు. మోకాలు దెబ్బతిని ఆరునెలలు గ్రౌండ్ బయట నుంచి చూడాల్సి రావచ్చు. వీటికి ఓర్చుకోలేనివాడు ప్రొఫెషనల్ కాలేడు. కోచ్ తిట్టాడనో, టీమ్‌లోంచి తీసేశాడనో మీ అబ్బాయి ఇంటికి వచ్చేసి ఉంటే, మర్నాడే రైలెక్కించమని నేనే చెప్పేవాణ్ణి.

కానీ మీరు రాసింది అది కాదు. నా దగ్గరికి వచ్చే పిల్లలందరినీ నేను అడిగే ప్రశ్న ఒకటుంది. తప్పు ఆగితే అరుపు ఆగుతోందా? మార్కింగ్, అంటే ఎదుటి ఆటగాణ్ణి అంటిపెట్టుకుని కాపలా కాయడం, వదిలేశావని సీనియర్ అరిచాడు, తర్వాతి మ్యాచ్‌లో నువ్వు సరిగ్గా మార్క్ చేశావు, అతను భుజం తట్టాడు. అది ఆటలో భాగం. నువ్వు ఎంత బాగా ఆడినా రాత్రి పదింటికి వాళ్ల బట్టలు ఉతకాల్సిందే, నీ రంగు గురించి పాట పాడాల్సిందే అంటే అందులో ఆట ఎక్కడుంది? యాస, రంగు, ఊరు ఇవి ప్రాక్టీస్‌తో సరిదిద్దుకునే తప్పులు కావు. అలాంటి వాటి మీద పడే దెబ్బ ఆటగాణ్ణి గట్టిపరచదు. వాడి ఆటనే తినేస్తుంది. రాత్రి నిద్రలేనివాడు పొద్దున్న బంతిని ఎలా చదువుతాడు?

"క్లబ్బుల్లో ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది" అనే మాటకి ఒక నిజమైన కథ చెబుతాను. మీవారికి చదివి వినిపించండి. అమెరికాలో వాళ్లు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు. మయామీ డాల్ఫిన్స్ అని అక్కడొక ప్రొఫెషనల్ జట్టు. 2012లో ఆ జట్టులో చేరిన జోనథన్ మార్టిన్ ఆరున్నర అడుగుల మనిషి, బరువు నూట నలభై కిలోల దాకా. అలాంటివాణ్ణి జట్టులోవాళ్లే ఏడాదిన్నర పాటు మాటలతో కాల్చుకు తిన్నారు. రంగు గురించి, ఇంట్లో ఆడవాళ్ల గురించి నోటితో చెప్పలేని మాటలు. 2013 అక్టోబరులో ఒకరోజు అతను ప్లేటు తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చోగానే అక్కడున్నవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. ప్లేటు నేలకేసి కొట్టి అతను బయటికి నడిచాడు. ఆ జట్టుకి మళ్లీ ఆడలేదు.

మీ అబ్బాయి పక్కన కూడా మెస్సులో ఎవరూ కూర్చోరని రాశారు కదమ్మా.

లీగ్ వాళ్లు టెడ్ వెల్స్ అనే లాయరు చేత విచారణ చేయించారు. 2014 ఫిబ్రవరిలో 144 పేజీల రిపోర్టు వచ్చింది. అందులో నేను మర్చిపోలేనిది ఫైన్ల పుస్తకం. మీవాడి సీనియర్లలాగే వాళ్లూ లోలోపల జరిమానాలు వేసుకునేవాళ్లు. మార్టిన్‌ను విరగ్గొట్టాను అని రాసి, ఆ గుంపు పెద్ద రిచీ ఇన్‌కాగ్నిటో తన పేరు మీద తానే 200 డాలర్లు వేసుకున్నాడు. గొడవ బయటపడగానే ఆ పుస్తకాన్ని మాయం చెయ్యమని తోటివాడికి మెసేజ్ పెట్టాడు. తాను వేధించలేదని, తమ మధ్య మాటతీరే అంతని అతను వాదించాడు. రిపోర్టు మాత్రం ముగ్గురు ఆటగాళ్లు కలిసి మార్టిన్‌నీ, ఇంకో కుర్ర ఆటగాణ్ణీ, జపాన్‌లో పుట్టిన ఒక అసిస్టెంట్ ట్రైనర్‌నీ వేధించారని తేల్చింది. కొద్దిరోజులకే ఒక కోచ్ ఉద్యోగం, హెడ్ ట్రైనర్ ఉద్యోగం పోయాయి. ప్రొఫెషనల్స్‌లో ఇది ఉంటుందన్న మాట నిజమే. దాన్ని తప్పని తేల్చిందీ, ఉద్యోగాలు తీసేసిందీ కూడా ప్రొఫెషనల్సే.

అదే రిపోర్టులో తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. మార్టిన్‌కీ ఇన్‌కాగ్నిటోకీ మధ్య వేలకొద్దీ ఫోన్ మెసేజీలు నడిచాయి, పైకి చూస్తే ప్రాణస్నేహితులు అనిపించేలా. కాబట్టి రేపు అకాడమీవాళ్లు ఫోన్ తీసి "చూడండి, మీవాడు కూడా నవ్వుతున్నాడు" అని ఫొటో చూపిస్తే తడబడకండి. బలహీనుడు బతకడానికి నవ్వుతాడు. రెండోది, మార్టిన్ చాలాకాలం లోపం తనలోనే ఉందనుకున్నాడు. తాను ఎవరికీ ఎదురు చెప్పలేని మనిషినని తల్లికి మెసేజ్ పెట్టుకున్నాడు. మీ బాబు కూడా ఈపాటికి అలాగే అనుకుంటూ ఉంటాడు. దానికి తోడు తండ్రి నోటివెంట "గట్టిపడు" అని వస్తే, వాడికి అది "అవును, తప్పు నీదే" అన్నట్టు వినిపిస్తుంది.

నా సొంత సంగతి కూడా చెప్పాలి. పదిహేడేళ్లప్పుడు నేనూ ఒక జూనియర్ క్యాంపులో ఉన్నాను. మా గదిలో రాయగడ వైపు నుంచి వచ్చిన చిన్నవాడొకడు ఉండేవాడు, ఎడమకాలితో అద్భుతంగా ఆడేవాడు. మ్యాచ్ ముందురోజు రాత్రి ఇద్దరు సీనియర్లు వాడి బూట్లు బకెట్టు నీళ్లలో ముంచి పెట్టారు. నేను మేలుకునే ఉన్నాను. నీళ్ల చప్పుడు విని గోడవైపు తిరిగి పడుకున్నాను. పొద్దున్న వాడు నానిన బూట్లతోనే దిగాడు. సగం ఆట కాకముందే మడమలు బొబ్బలెక్కి కుంటుతూ బయటికొచ్చాడు. వారం తిరక్కుండా పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. వాడికి గుండెధైర్యం లేదని మేమంతా అనుకున్నాం. ఆ గదిలో ధైర్యం లేనివాణ్ణి నేను. ఆడే పిల్లలకు సలహా చెప్పే ఈ పని ఎంచుకోవడానికి ఆ రాత్రి ఒక కారణం. అందుకే మీకొక సలహా. మీ అబ్బాయి గదిలో కూడా గోడవైపు తిరిగి పడుకునేవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడెవడో మెల్లగా కనుక్కోండి. రేపు నిజం చెప్పేది వాడే.

మరి మనోబలం అంటే ఏమిటని మీవారు అడుగుతారు. మన హైదరాబాదు నుంచే చెబుతాను. 1962 జకార్తా ఆసియా క్రీడలప్పుడు మన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఒకప్పుడు బడిపంతులు. అప్పటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ణి కూర్చోబెట్టలేదు, దెబ్బతోనే వెనక ఆడించలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. స్టేడియమంతా మనవాళ్లకు ఎదురుగా అరుస్తుంటే ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది ఆ కుట్ల తలతో ఆడిన జర్నైల్‌ది. అదీ గట్టితనం. కుట్లతో ఒకడు దిగగలిగాడంటే వెనక పదిమంది తనవాళ్లున్నారన్న నమ్మకం ఉంది. ఆ పదిమందే తల పగలగొడుతుంటే ఎవడు దిగుతాడు?

గట్టివాళ్లకు భయం ఉండదనుకోవడం కూడా పొరపాటు. జర్మనీ డిఫెండర్ పేర్ మెర్టెసాకర్ 2014లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ప్రతి మ్యాచ్ మొదలయ్యే ముందు కడుపులో తిప్పి వాంతి వచ్చినంత పనయ్యేదని 2018లో ఆయనే బయటికి చెప్పాడు. ఆ మాట చెప్పినందుకు ఆయన్ని ఎవరూ చేతకానివాడని పక్కన పెట్టలేదు. ఆ ఏడాదే ఆర్సెనల్ క్లబ్ తమ అకాడమీ పిల్లల్ని ఆయన చేతిలో పెట్టింది. ఇలాంటి టెన్షన్‌ని మోయడం నేర్చుకోవచ్చు. దానికి ఊపిరి కసరత్తులున్నాయి, మాట్లాడే కౌన్సిలర్లున్నారు. అవమానాన్ని మోయడం మాత్రం ఎవరూ నేర్చుకోకూడదు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. బాబుతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి విచారణలా అడగకండి. బజారుకి తీసుకెళ్లండి, లేకపోతే వాళ్ల నాన్న బండి మీద మహేంద్రతనయ ఒడ్డుకి తీసుకెళ్లమనండి. "నువ్వెందుకు ఊరుకున్నావ్?" అన్న ప్రశ్న మాత్రం వద్దు. "ఇంకా ఏం జరిగింది?" అని ఒకసారి అడిగి ఊరుకోండి. ఒంటి మీద చేతులు వేయడం, బట్టలు విప్పించడం లాంటివి జరిగాయేమో వాళ్ల నాన్న ఒక్కరే, నెమ్మదిగా అడగాలి. జరిగి ఉంటే అది అకాడమీలో తేల్చుకునే విషయం కాదు. పద్దెనిమిది లోపు పిల్లలు కాబట్టి 2012 నాటి పోక్సో చట్టం కిందికి వస్తుంది, పోలీసు దాకా వెళ్లాల్సిందే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

తర్వాత వాడి చేతే ఒక నోట్‌బుక్‌లో రాయించండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఎంత డబ్బు, చూసినవాళ్లెవరు. ఫోన్లో వచ్చిన మెసేజీలు తుడిచెయ్యొద్దని చెప్పండి. మీరిద్దరూ రాజ్యరాణి రైలెక్కి అకాడమీకి వెళ్లండి, బాబుని తీసుకెళ్లకండి. ఫిర్యాదు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం, స్టాంపు వేయించిన కాపీ వెనక్కి తెచ్చుకోండి. "పిల్లలన్నాక ఇవి మామూలే", "షేక్‌హ్యాండ్ ఇప్పించేస్తాం" అంటారు. ఒప్పుకోకండి. గది మార్చాలి, ఫైన్లు ఆపాలి, తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి, రాత్రిళ్లు బాధ్యత ఎవరిదో పేరు చెప్పాలి, పిల్లల రక్షణ చూసే మనిషి ఎవరో చూపించాలి. ఈ ఐదూ రాతపూర్వకంగా అడగండి. సీనియర్ల మీద కేకలు వెయ్యకండి. వాళ్లూ ఎవరి పిల్లలో. వాళ్ల మొదటి ఏడాది ఎలా గడిచిందో మీకు తెలియదు. వాళ్లని దారిలో పెట్టాల్సింది అకాడమీ.

నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం రెండు వారాలు దాటినా అలాగే ఉంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. "నేను లేకపోతే మేలు" లాంటి మాట ఒక్కటి వాడి నోట వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

చదువు సంగతి రెండు ముక్కల్లో. అకాడమీ ఉన్నా లేకపోయినా ప్లస్ టూ ఆగకూడదు. హాజరు పోకుండా కాలేజీకి కూడా ఒక చీటీ పంపండి. అకాడమీతో మీరేమైనా బాండ్ రాసి ఉంటే దాని కాపీ నాకు పంపండి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి కాంట్రాక్టు కుదుర్చుకోకూడదు. అక్కడ పరిస్థితి మారకపోతే ఇంకో జట్టుకి వెళ్లే దారి ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితాలు, అభ్యంతరం లేదని అకాడమీ ఇచ్చే ఎన్ఓసీ సక్రమంగా తీసుకుని బయటికి రావాలి, కోపంలో పెట్టె సర్దుకుని కాదు. డిఫెండర్లు నెమ్మదిగా పండుతారు. పదహారేళ్లకి ఆరునెలలు పోతే కొంపేమీ మునగదు.

అకాడమీ నుంచి జవాబు వచ్చాక వెళ్లాలా వద్దా అన్నది వాడినే తేల్చుకోనివ్వండి. ఈలోపు బూట్లు కడుక్కోమని మీరు చెప్పకండి, మీరు కడిగి పెట్టకండి. సాయంత్రం మీ వీధి పిల్లలు ఆడుకునే చోటికి వాళ్ల నాన్నతో ఊరికే నడిచి వెళ్లమనండి. మంచం కింద బూట్లు కదిలిన రోజున నాకు రెండు ముక్కలు రాయండమ్మా.