ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారును ఇంటి దగ్గరే ఫోర్ వీల్ డ్రైవ్ చేసుకోవచ్చా? మేం చేసి చూశాం

"మాది గుత్తి దగ్గర పల్లె, ఉన్నది ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే) చిన్న కారు, వాన పడితే చేని దారిలో దిగబడుతోంది, తెలిసిన మెకానిక్‌తో ఇంటి దగ్గరే ఫోర్ వీల్ డ్రైవ్ చేయించుకోవచ్చా, ఎంతవుతుంది" అని మీరు అడిగారు. ఎంతవుతుందో ముందు చెప్తాను. 2016లో మాకు 62,000 అయింది. కారు మాత్రం షెడ్డు దాటలేదు.

మాది తాడిపత్రి పక్క. నల్లరేగడి. అక్టోబరులో పప్పుశనగ విత్తే రోజుల్లో ఒక పదునువాన పడితే చాలు, చేని దారి పిండి కలిపినట్టు అయిపోతుంది. మీ బాధ నాకు తెలుసు. మా బావకు లేత్ షాపు ఉంది. బండల పాలిష్ మిషన్లకు షాఫ్టులు తిప్పే చెయ్యి. నేను ట్రాక్టర్ల రిపేరు చేసేవాణ్ణి. ఇద్దరం కలిస్తే ఇదెంత పని అనుకున్నాం. మా దగ్గర ఒక పాత హ్యాచ్‌బ్యాక్ ఉండేది (పేరెందుకులెండి, తప్పు దానిది కాదు). స్క్రాప్‌లో జిప్సీ (మారుతి వాళ్ళ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు) వెనక యాక్సిల్ ఒకటి దొరికింది.

అందరూ వెనక యాక్సిల్ పెట్టడమే పెద్ద పని అనుకుంటారు. అది నాలుగు రోజుల్లో అయిపోయింది. కారు వెనక ఉన్న బీమ్ తీసేసి, బ్రాకెట్లు వెల్డింగ్ చేసి, కమాన్ పట్టీల మీద జిప్సీ యాక్సిల్ వేలాడదీశాం. అది కారు కన్నా వెడల్పు, కాబట్టి వెనక టైర్లు మడ్‌గార్డు బయటికి వచ్చాయి. ముందు చక్రాలకు నాలుగు బోల్టులు, వెనక చక్రాలకు అయిదు. అంటే రెండు స్టెప్నీలు మోయాలి. ఇవన్నీ నవ్వుకుంటూ సర్దుకున్నాం. పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది, ముందు నుంచి వెనక యాక్సిల్‌కు పవర్ తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు పోవాల్సిన దారికి సరిగ్గా అడ్డం. సైలెన్సర్ పైపూ ఆ దారినే పోతుంది. ట్యాంకు తీసి డిక్కీలో ఒక డబ్బా పెట్టాం. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పని మాత్రం మీరు చేయకండి.

అసలు చిక్కు ముందు ఉంది. జిప్సీలో, జీపులో ఇంజన్ బండి పొడవునా ఉంటుంది. గేర్ బాక్స్ వెనక నుంచి షాఫ్టు బయటికి వస్తుంది, పవర్‌ను ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అక్కడ తగిలిస్తారు. మన చిన్న కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. గేర్ బాక్స్, డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఒకే హౌసింగులో ఉంటాయి. బయటికి వచ్చేవి కుడికొకటి, ఎడమకొకటి, రెండు డ్రైవ్ షాఫ్టులే. వెనక్కి పవర్ తీసుకోవడానికి కంపెనీ రంధ్రమే పెట్టలేదు. ఫ్యాక్టరీలో తయారైన ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో డిఫరెన్షియల్ కేజ్ నుంచి నేరుగా ఒక యూనిట్‌లోకి పవర్ తీసుకుని, అక్కడ మలుపు తిప్పి వెనక్కి పంపుతారు.

మాకు అంత తెలియదు. కుడి డ్రైవ్ షాఫ్టును మధ్యలో కోసి, అక్కడ తిరిగే దిశను పక్కకు మలిపే ఒక పాత బెవెల్ గేర్ బాక్స్ ఇరికించాం. ఒకటికి ఒకటి తిరిగే రకం. బావ కప్లింగులు ఎంత బాగా తిప్పాడంటే చూసినోళ్ళంతా మెచ్చుకున్నారు.

నాలుగు చక్రాలూ స్టాండ్ల మీద లేపి, స్టార్ట్ చేసి ఫస్ట్ గేర్ వేశాం. ఎడమ ముందు చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది. మిగతా మూడూ కదల్లేదు. మామూలు డిఫరెన్షియల్ పని అదే, బరువు తక్కువున్న వైపుకే తిప్పుతుంది. కుడి వైపు మేం వెనక యాక్సిల్ బరువంతా తగిలించాం కదా. ఇంజన్ ఆపి, న్యూట్రల్లో పెట్టి, ఎడమ చక్రాన్ని కిందికి దించి అడ్డం పెట్టి, కుడి చక్రాన్ని చేత్తో తిప్పాం. వెనక చక్రాలు తిరిగాయి. కాకపోతే వెనక్కి! బెవెల్ బాక్స్ బోర్లించి బిగించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

అప్పుడు బావ సుద్దముక్కతో టైర్ల మీద గీతలు గీసి లెక్క పెట్టాడు. ముందు చక్రం నాలుగు చుట్లు తిరిగితే వెనకవి ఒక్క చుట్టు. "ఏందప్పా ఇది, ముందుది తాడిపత్రి చేరేసరికి వెనకది ఇంటి కాడే ఉంటాది" అన్నాడు. ఎందుకంటే మేం పవర్ తీసుకున్నది చక్రం తిరిగే వేగంతో. జిప్సీ డిఫరెన్షియల్ ఆ వేగాన్ని మళ్ళీ నాలుగో వంతు దగ్గరికి తగ్గిస్తుంది. ముందు ఎంత పెంచితే వెనక అంతే తగ్గాలి, టైరు సైజుతో సహా లెక్క సరిపోవాలి. లేకపోతే ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. అంత పెంచే గేర్లు కోయించాలంటే బావ లేత్ మీద అయ్యే పని కాదు.

అదీ అయిందనుకోండి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మధ్యలో ఒక డిఫరెన్షియలో, జారే కప్లింగో లేకపోతే తారు రోడ్డు మీద షాఫ్టులు మెలిపడతాయి. జిప్సీని కూడా ఎండిన తారు మీద ఫోర్ వీల్‌లో నడపొద్దనేది అందుకే.

మరి ఒకే మోడల్‌లో రెండు రకాలూ ఉంటే సామాన్లు మార్చుకోవచ్చు కదా అని మీ మెకానిక్ అనొచ్చు. రెనో డస్టర్ కారు చూడండి. 2014లో మన దగ్గర ఆల్ వీల్ డ్రైవ్‌ది వచ్చింది. ఫ్రంట్ వీల్ దానికి వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలను కలిపే ఒకే దూలం), దీనికి మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రానికి విడి లింకులు). డిక్కీ 475 లీటర్ల నుంచి 410కి తగ్గింది. అంటే అడుగు భాగమే వేరు. పైగా వెనక చక్రాలకు పవర్ కలిపే కప్లింగును నడిపేది కంప్యూటరు. 1960ల్లో సిట్రోయెన్ వాళ్ళు 2సీవీ సహారా అనే కారుకు ఈ తంటా లేకుండా వెనక ఇంకో ఇంజన్ పెట్టేశారు. ముందొకటి, వెనకొకటి, ఒక్కోటి 425 సీసీ. మా బావ అది విని "మనకు తట్టలేదే" అని తెగ బాధపడ్డాడు.

చట్టం మాట కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళతో వచ్చే టెన్షన్ వేరే.

ఇంకో సంగతి. మా ఊళ్ళో ఒకాయన జిప్సీ కూడా అదే రేగడిలో దిగబడింది. రోడ్డు టైర్ల గాళ్ళలో బంక నిండిపోతే నాలుగు చక్రాలూ నున్నగానే తిరుగుతాయి. ట్రాక్టరే లాగింది. ఇసుక అయితే వేరు. పెన్నలో దిగబడితే టైర్ల గాలి 33 నుంచి 18-20కి తగ్గిస్తే మామూలు కారూ బయటపడుతుంది, తారు ఎక్కేముందు మళ్ళీ కొట్టించుకోవాలి. తడి గట్టు ఎక్కాలంటే మీ కారును రివర్సులో ఎక్కించి చూడండి. ముందుకు ఎక్కితే బరువు వెనక్కి పోయి, తిరిగే చక్రాలు తేలిపోతాయి. రివర్సులో ఆ చక్రాలే కింది వైపు ఉంటాయి కాబట్టి పట్టు దొరుకుతుంది.

అంతగా కావాలంటే పాత జిప్సీ కొనుక్కోండి. కొనేముందు ఛాసిస్ కింద తుప్పు చూడండి, ఆర్సీ ఎన్నాళ్ళుందో చూడండి. మీ కారును మాత్రం కోయొద్దు.

మేం చివరికి ఏం చేశామంటే, తాడిపత్రి ఫ్యాక్టరీల దగ్గర గుట్టలుగా పడి ఉండే బండల ముక్కలు 14 ట్రాక్టర్లు తోలించి, దారిలో లోతుగా ఉన్న 200 అడుగులకు పరిచాం. ఏడాదికోసారి కిందికి దిగిపోతాయి, ఇంకో రెండు ట్రాక్టర్లు వేస్తాం. ఇప్పుడు స్కూటరు కూడా పోతుంది. కారును తుక్కు కింద అమ్మేశాం. జిప్సీ యాక్సిల్ మాత్రం బావ ఇవ్వలేదు, దాని మీద నీళ్ళ ట్యాంకు ట్రాలీ కట్టుకున్నాడు.

గుత్తి దగ్గరంటే మీకూ బండల ముక్కలు దూరమేమీ కాదు. లోతుగా దిగబడే చోటు ఎన్ని అడుగులుంటుందో కొలిచి రాయండి, ఎన్ని ట్రాక్టర్లు పడతాయో చెప్తాను.