బానెట్ కింద ఏం జరుగుతోంది? పెట్రోల్ ఇంజిన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెట్రోల్ ఇంజిన్ల గురించే. వాటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చాలామంది "బండి బాగాలేదు" అని వదిలేయకుండా, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఆగినప్పుడా, వేగం మీదా అని వివరంగా రాశారు. ఇంజిన్లు విప్పి కట్టడమే నా పని కాబట్టి చెప్తున్నాను, ఆ వివరం చేతికొస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

ప్రశ్న: రెండు కార్లు చూసి పెట్టుకున్నాం. ఒకటి 1197 సీసీ, నాలుగు సిలిండర్లు, 6000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్, 4400 దగ్గర 113 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే తిప్పే బలం. రెండోది 998 సీసీ టర్బో, మూడు సిలిండర్లు, 5500 దగ్గర 100 పీఎస్, 2000 నుంచి 4500 దాకా 148 ఎన్ఎం. చిన్న ఇంజిన్‌కి ఎక్కువ బలం ఎలా వస్తుంది? మాకు ఏది నప్పుతుంది?

సీసీ అంటే పిస్టన్ పైనుంచి కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే జాగా, అన్ని సిలిండర్లదీ కలిపి. లెక్క మీరే వేసుకోవచ్చు. బోర్ (సిలిండర్ వెడల్పు) 73 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 71.5 మిల్లీమీటర్లు అయితే ఒక్కో సిలిండర్‌కి సుమారు 299 సీసీ, నాలుగింటికీ కలిపి 1197. అంటే సీసీ చెప్పేది ఇంజిన్ ఎంత గాలి పీల్చుకోగలదనే. బలమంతా ఆ గాలిలోనే ఉంది. పెట్రోల్ ఎంతైనా చిమ్మొచ్చు కానీ, ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. టర్బో ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ నుంచి బయటికిపోయే వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి బయటి గాలిని ఒత్తిడితో లోపలికి నెడుతుంది. జాగా 998 సీసీయే అయినా అందులో పట్టే గాలి అంతకంటే ఎక్కువ. అందుకే ఆ బలం.

ఇక పవర్, టార్క్. ఈ రెండూ వేర్వేరు గుణాలని చాలామంది అనుకుంటారు, కానీ రెండూ ఒకే లెక్కలో ఉన్నాయి. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే పవర్ కిలోవాట్లలో వస్తుంది. ఒక కిలోవాట్ అంటే 1.36 పీఎస్. మీ మొదటి కారు 6000 దగ్గర 90 పీఎస్ ఇస్తోందంటే అక్కడ దాని టార్క్ సుమారు 105 ఎన్ఎం. 4400 దగ్గర ఉన్న 113 కంటే తక్కువే. అయినా వేగంగా తిరుగుతోంది కాబట్టి పవర్ ఎక్కువ.

బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసే ఆ 90, 100 అంకెల కోసం మీరు రోజూ ఇంజిన్‌ని 6000 దాకా తిప్పరు కదా. ఊళ్లో నడిపేవాళ్ల ఆర్పీఎం ఎక్కువగా 1500, 3000 మధ్యే ఉంటుంది. అందుకని 2000 దగ్గర ఏం దొరుకుతుందో చూడండి. టర్బో కారు అక్కడ 148 ఎన్ఎం ఇస్తోంది, అంటే 42 పీఎస్. 1197 సీసీ కారు తన గరిష్ఠ టార్క్ అక్కడే ఇచ్చిందనుకున్నా 32 పీఎస్ దాటదు. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, ఎత్తు ఎక్కేటప్పుడు తెలిసే తేడా ఇదే.

ఇంత చెప్పాక కూడా, మీ ప్రయాణాలు ఎక్కువగా రెండు మూడు కిలోమీటర్లలోనే ముగిసేవైతే నన్నడిగితే టర్బో లేని 1197 సీసీ తీసుకోమంటాను. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తుంటే కాలని పెట్రోలూ, నీటి తేమా ఆయిల్‌లోకి దిగుతాయి. ఏ ఇంజిన్‌కైనా అది చెడే, టర్బోకి ఇంకా చెడు. ఎందుకంటే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగల ఆ చిన్న ఇరుసును కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. పైగా అది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వుల (గాలి లోపలికొచ్చే తలుపుల) వెనకవైపు పెట్రోల్‌తో కడిగినట్టయ్యే వీలు లేక అక్కడ కార్బన్ పేరుకుంటుంది. దూరాలు వెళ్తారు, లోడుతో వెళ్తారు అంటే మాత్రం టర్బోనే తీసుకోండి. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ గడువు కంటే ముందే మార్పించండి. పెద్ద గేరులో 1200, 1300 ఆర్పీఎం మీద యాక్సిలరేటర్ అదిమిపట్టి లాగించకండి. అలా లాగిస్తే స్పార్క్ రాకముందే మంట పుట్టి పిస్టన్ పగిలిన ఇంజిన్లున్నాయి. గేరు దించడానికి పట్టేది ఒక్క క్షణమే.

ప్రశ్న: ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. హైవే ఎక్కగానే దిగుతోంది. ఒకటే టెన్షన్. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. తీయించనా?

వద్దండీ, దయచేసి తీయించకండి. థర్మోస్టాట్ ఇంజిన్‌ని కాపాడే భాగం. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) సుమారు 80 నుంచి 90 డిగ్రీలకు చేరేదాకా దాన్ని రేడియేటర్ వైపు వెళ్లనీయదు, అందుకే ఇంజిన్ త్వరగా సరైన వేడికి వస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో తేమ ఆవిరికాదు, సిలిండర్ గోడలు అరుగుతాయి. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

అసలు లోపం ఎక్కడుందో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. కదులుతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతోందంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటార్ ఈ వరసలో చూడమనండి. తిరుగుతున్నా వేడెక్కుతుంటే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, చెత్త అట్టకట్టి ఉంటుంది. ముందు నుంచి చూస్తే అది కనపడదు. మీకు దీనికి భిన్నంగా, ఆగినప్పుడు బాగుండి హైవే మీద వేడెక్కి ఉంటే అప్పుడు రేడియేటర్ లోపల పూడిక, వాటర్ పంపు, సరిగ్గా తెరుచుకోని థర్మోస్టాట్ వైపు వెళ్లేవాణ్ని.

రేడియేటర్ మూత కూడా చూపించండి. చిన్న వస్తువే, కానీ అది లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి నిలిపి ఉంచడం వల్లే నీరు 100కి బదులు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. స్ప్రింగు బలహీనపడితే అంతా తారుమారు. ఆ ఒత్తిడి వల్లే, వేడిగా ఉన్నప్పుడు మూత విప్పితే మరుగుతున్న నీరు ముఖాన చిమ్ముతుంది. చేతులు కాలినవాళ్లను చూశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను: పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. కుళాయి నీళ్లు పోయకండి, వాటిలోని లవణాలు లోపల గట్టిపడతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపింది చాలు.

ముల్లు ఎర్రగీత తాకితే ఏసీ ఆపి, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంకో రెండు కిలోమీటర్లు ఎలాగో పోదామనుకున్న చోటే సిలిండర్ల మీద ఉండే అల్యూమినియం హెడ్ వంగిపోయి, దాని కింద కారకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోతుంది. ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతున్నా, వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోయినా గాస్కెట్ పరీక్ష చేయించాలి. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే పాలమీగడలా కనిపిస్తే భయపడకండి, చిన్న దూరాలు తిరిగే బండ్లలో తేమ వల్ల అలా వస్తుంది. డిప్‌స్టిక్‌కి (ఆయిల్ మట్టం చూసే కడ్డీకి) కూడా అదే అంటుకుని వస్తే అప్పుడు నడపడం ఆపాలి.

ప్రశ్న: ఐడ్లింగ్‌లో బండి ఊగిపోతోంది, పికప్ లేదు. గట్టిగా తొక్కితే చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. నాలుగు ప్లగ్గులూ మార్పించాను, తగ్గలేదు. ఇప్పుడు నాలుగు కాయిళ్లూ (ప్లగ్గులకు కరెంటు అందించేవి) మార్చాలంటున్నారు.

ముందు ఆ లైటు సంగతి. నిలకడగా వెలిగితే త్వరలో చూపించమని అర్థం. ఆరుతూ వెలుగుతుంటే ఇప్పుడే నష్టం జరుగుతోందని అర్థం. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని కాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది, ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. కాయిల్ కంటే అది ఎన్నో రెట్లు ఖరీదు. రిపేరయ్యేదాకా బండిని తీయకపోవడమే మంచిది, తప్పకపోతే నెమ్మదిగా నడపండి.

నాలుగు కాయిళ్లూ ఒకేసారి పోవడం చాలా అరుదు. స్కానర్ పెట్టించి కోడ్ చూడమనండి. పి0302 అంటే రెండో సిలిండర్ మిస్సింగ్, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా కాలడం లేదు. అప్పుడు రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడో దానికి, మూడోది రెండోదానికి మార్చి, కోడ్ చెరిపేసి మళ్లీ నడపాలి. ఇప్పుడు పి0303 వస్తే తప్పు ఆ కాయిల్‌దే, అదొక్కటే కొనండి. మళ్లీ పి0302నే వస్తే కాయిల్ మంచిదే. అలాగే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్ అటూ ఇటూ మార్చి చూడాలి. కొత్త సామాను కొనకుండానే జవాబు దొరికే ఈ పరీక్షని ఎందుకు వదిలేస్తారో నాకు ఎప్పటికీ బాధే.

తీసేసిన పాత ప్లగ్గులు మీ దగ్గరుంటే చూడండి. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో రాసిపెట్టి ఉంటే మరీ మంచిది. కొన లేత గోధుమరంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి నల్లమసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లబడి బొబ్బలెక్కితే మరీ వేడెక్కుతోంది. కాయిల్ దిగే గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ దగ్గరి సీల్ పోయింది. అది మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే అదీ పోతుంది.

ఇవన్నీ బాగుంటే కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలవడం. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. ఇంజిన్ దించాలనే మాట ఈ పరీక్ష తర్వాతే వినండి.

ప్రశ్న: పొద్దున్నే స్టార్ట్ చేస్తే గుప్పుమని నీలిపొగ వస్తుంది, తర్వాత ఉండదు. ఇంజిన్ బోరుకి (సిలిండర్లు అరిగి తొలిపించే స్థితికి) వచ్చిందా?

రాకపోవచ్చు. రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు వాల్వ్ సీళ్లలోంచి ఆయిల్ చుక్కలు కిందికి జారి, పొద్దున కాలిపోతుంది. సీళ్లు మార్చడం బోరు పని కంటే చాలా చిన్నది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలిపొగ వస్తే రింగుల మీద అనుమానపడాలి. డిప్‌స్టిక్ వారానికోసారి చూస్తూ ఉండండి.

ప్రశ్న: ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే పవర్ పెరుగుతుందా?

మీ ఇంజిన్ అడగకపోతే పెరగదు. ఆక్టేన్ అంటే తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం, శక్తి కాదు. పెట్రోల్ ట్యాంకు మూత దగ్గర రాసిన అంకె చాలు. లోడు మీద కటకటమని నాకింగ్ వినిపిస్తుంటే మాత్రం ఒకసారి పోసి చూడండి.

ప్రశ్న: పదేళ్ల నాటి కారు కొంటున్నాం. 42 వేల కిలోమీటర్లే తిరిగింది. టైమింగ్ బెల్ట్ లక్ష దాకా ఆగుతుందంటున్నారు, నిజమేనా?

పిస్టన్ల కదలికకీ వాల్వులు తెరుచుకోవడానికీ తాళం కుదిర్చేది ఇదే. ముందు ఆ ఇంజిన్‌కి ఉన్నది బెల్టా, చెయినా తెలుసుకోండి. చెయిన్ అయితే స్టార్టింగ్‌లో గలగల శబ్దం వస్తుందేమో వినండి. బెల్ట్ అయితే కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, రెండింటిలో ఏది ముందొస్తే అది. పదేళ్లకు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు పైకొచ్చి తెరుచుకున్న వాల్వులను గుద్దేస్తాయి, ముందుగా ఏ హెచ్చరికా ఉండదు. మార్చినట్టు బిల్లు చూపిస్తే సరే. చూపించకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. కొన్నాక దూరప్రయాణానికి తీసే ముందే బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, బెల్ట్‌తో తిరిగేదైతే వాటర్ పంపు, మూడూ ఒకేసారి మార్పించండి.