పండుగ విందులు మానేయాలా, వాటి లెక్క మార్చాలా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్థులం. మామూలు నెలల్లో బయటి భోజనాలకు మా ఆదాయంలో 5 శాతం మించి ఖర్చు కాదు. శరదృతువు మొదలుకొని సెలవులు, పండుగలు వరుసగా వచ్చే మూడు నెలల్లో మాత్రం ఇంట్లో ఇచ్చే విందులకూ, హోటలు భోజనాలకూ కలిపి ఒక నెల 14, తరువాతి నెల 17, ఆ పై నెల మళ్లీ 14 శాతం దాకా అవుతోంది. నిరుడు పెరిగిన ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద పడింది. అది తీరడానికి ఆరు నెలలు పట్టింది. ఈసారి ఇవన్నీ మానేద్దామని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. సీజను మొదలవుతోంది, ఏం చేయమంటారు?

జవాబు: మానేయనక్కరలేదు. అయినవాళ్లంతా ఏడాదికోసారి ఒకచోట కూర్చుని తినే భోజనాన్ని పద్దులోంచి కొట్టేస్తే కాగితం మీద మిగులు కనిపిస్తుంది గానీ, పిలుపు రాగానే ఆ నిర్ణయం సడలిపోతుంది, సడలిన తరువాత పెట్టే ఖర్చుకు లెక్కంటూ ఉండదు. మీవారి ఆందోళనలో న్యాయం ఉంది, అయితే దానికి కారణం విందులు కావు, వాటికి డబ్బు తెచ్చిన పద్ధతి.

మీరిచ్చిన అంకెలనే చూద్దాం. నెల ఆదాయం 100 అనుకుంటే, సీజనులోని మూడు నెలల ఖర్చు 45, మిగిలిన తొమ్మిది నెలల ఖర్చు మరో 45, వెరసి ఏడాదికి 90. దీన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 7.5 వస్తుంది. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో, అద్దె, వాయిదాలు, పొదుపు సక్రమంగా సాగుతుంటే, తిండి సరదాకు 7.5 శాతం పెట్టడం దుబారా అని నేననను. మామూలు నెలల్లో 5 ఖర్చుపెట్టి 2.5 పక్కన పెట్టినా తొమ్మిది నెలల్లో 22.5 పోగవుతుంది. సీజను మూడు నెలల్లో నెలకు 7.5 చొప్పున వచ్చే మరో 22.5 దానికి కలిస్తే మీ 45 సరిగ్గా సరిపోతుంది. పండుగ ఏ నెలలో వస్తుందో ఏడాది ముందే తెలిసినప్పుడు దాని ఖర్చును అనుకోని ఖర్చుగా చూడడంలో అర్థం లేదు. బీమా ప్రీమియానికి సర్దుకున్నట్టే దీనికీ సర్దుకోవచ్చు.

ఆ సర్దుబాటు లేకపోవడం వల్ల నిరుడు మీకు పడిన భారం ఎంతో చూడండి. మామూలు ఖర్చుకు మించి అయినది 30. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అనుకుని ఆరు సమాన వాయిదాల్లో తీరిస్తే మొత్తం 33కు పైగా కట్టాలి. అంటే ప్రతి తొమ్మిది విందులకూ పదో విందు ఖరీదు బ్యాంకుకు చెల్లించినట్టు. అసలు దెబ్బ ఇంకొకటుంది. బిల్లులో కొంత బాకీ మిగిల్చి తరువాతి నెలలోకి తీసుకువెళితే, చాలా కార్డుల నిబంధనల ప్రకారం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. ఆ ఆరు నెలలూ అదే కార్డు మీద సరుకులూ పెట్రోలూ కొని ఉంటే, వాటికి కొన్న రోజు నుంచే వడ్డీ పడి ఉంటుంది. ఒకసారి పాత స్టేట్‌మెంట్లు తీసి వడ్డీ వరుసను మాత్రం చదవండి. ఇక కనీస చెల్లింపు దారి అసలు పట్టవద్దు. బాకీలో 5 శాతమే కడుతూ నెలకు 3 శాతం వడ్డీ మోస్తే, కట్టినదాంట్లో సగానికి పైగా వడ్డీకే పోతుంది.

ఈ ఏడాదికి ముందుగా పోగుచేసిన నిధి లేదు కాబట్టి 45 సాధ్యం కాదు. మూడు నెలలకు కలిపి 30 దాటకుండా, నెలకు 10 చొప్పున, జీతంలోంచే పెట్టమంటాను. అందుకు మామూలు నెల కంటే నెలకు 5 అదనంగా కావాలి. బట్టలో, ప్రయాణాలో, సర్దుకోగలిగినచోట నుంచి దాన్ని తీయండి, అత్యవసర నిధిని మాత్రం ముట్టుకోవద్దు. మరి నిరుటి ఖర్చులోంచి 15 ఎక్కడ తగ్గించాలి?

నా అనుభవంలో ఇలాంటి ఇళ్ల స్టేట్‌మెంట్లు వరుసగా చదివితే, పెద్ద విందు కంటే దాని చుట్టూ ఉన్న రోజులే ఎక్కువ తినేస్తుంటాయి. రేపు పాతికమందికి వండాలంటే ఈ రాత్రి వంటగది ఖాళీ ఉండదు కాబట్టి పార్శిల్ తెప్పిస్తారు. విందు మర్నాడు అలసటతో మరో పార్శిల్ వస్తుంది, మిగిలిన వంటకాలు ఫ్రిజ్‌లో పాడవుతుంటాయి. బజారుకు వెళ్లిన సాయంత్రం పొద్దుపోయిందని అక్కడే తినేస్తారు. ఈ భోజనాల్లో ఒక్కటి కూడా ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ముందుగా క్యాలెండరు తీసి, వదులుకోలేని విందులను మీరిద్దరూ కలిసి గుర్తుపెట్టుకోండి, వాటిలో కోత పెట్టకండి. వాటి ముందు రోజుకూ మర్నాటికీ ఇంట్లోనే తేలికైన భోజనం ఏదో అప్పుడే నిర్ణయించి రాసిపెట్టండి. మొదటి కోత ఇక్కడే పెట్టండి. ఇంట్లో ఇచ్చే విందుల విషయంలో, ఏం తెమ్మంటారని అడిగిన బంధువులకు ఒక్కో వంటకం అప్పగించడానికి మొహమాటపడకండి.

రెండో చోటు, పదిమంది కలిసి వెళ్లే హోటలు భోజనం. బిల్లును తలా సమానంగా పంచుకునే పద్ధతి చూడడానికి మర్యాదగానే ఉంటుంది గానీ, జేబుకు చేటు. యూరి గ్నీజీ, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఆరుగురేసి అపరిచితులను రెస్టారెంటులో కూర్చోబెట్టి, కొన్ని బల్లల వారిని ఎవరి బిల్లు వారినే కట్టమన్నారు, కొన్ని బల్లల వారిని సమానంగా పంచుకోమన్నారు. పంచుకున్నవారు సుమారు 36 శాతం ఎక్కువ ఖర్చయ్యేలా ఆర్డరు చేశారు. మనం అదనంగా తెప్పించుకున్నదాని ఖరీదులో ఆరో వంతే మన మీద పడుతుందని చేతికి తెలుసు, మిగతా అయిదుగురి చేతులకూ తెలుసు. చివరికి అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ కడతారు. అయినవాళ్ల మధ్య ఇంత లెక్క ఉండదని మీరు అనవచ్చు, కొంతవరకు నిజమే. అయినా ఎవరి బిల్లు వారు కట్టే మాట కూర్చోకముందే, ఆర్డరుకు ముందే చెప్పాలి. బిల్లు వచ్చాక ఎత్తితే చిన్నతనంగా ఉంటుంది. అలా చెప్పడం కష్టమనిపించిన కుటుంబాల్లో, తలకు ఇంత అని ధర నిర్ణయించిన పండుగ భోజనం ఇచ్చే హోటలును ఎంచుకోవడం మేలు. పానీయాలు, పన్నులు, సేవా రుసుము అందులో కలిసి ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ఈ మూడు నెలలూ భోజనాల ఖర్చును క్రెడిట్ కార్డు మీద పెట్టవద్దని నా సూచన. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన వేలం ప్రయోగాల్లో, ఆటల టికెట్ల కోసం నగదు ఇవ్వాల్సినవారి కంటే క్రెడిట్ కార్డు వాడేవారు బాగా ఎక్కువ ధర పాడారు. ఒక సందర్భంలో అది రెట్టింపు దాకా వెళ్లింది. గడువులోగా బిల్లు పూర్తిగా కట్టేవారికి కార్డు వాడితే వడ్డీ నష్టమేమీ లేదు. మీకు ఒక ఏడాది ఆ అలవాటు తప్పింది కాబట్టే ఈ జాగ్రత్త చెబుతున్నాను. ఇంత ఖర్చుపెడితే ఇంత తగ్గింపు అనే ఆఫర్లకూ ఇదే వర్తిస్తుంది, మీరు అనుకున్న బిల్లు ఆ మొత్తానికి చేరకపోతే ఆ ఆఫరు మీ కోసం కాదు.

విడిగా ఒక పొదుపు ఖాతా ఈ వారమే తెరవండి. నెలనెలా 10 అందులో వేసుకుని విందుల ఖర్చంతా దాని డెబిట్ కార్డుతోనే చేయండి, మిగులు ఎంతో ఇద్దరి ఫోన్లలోనూ కనిపించేలా పెట్టుకోండి. సీజను ముగిసిన మరుసటి నెల నుంచి, జీతం పడిన మర్నాడే 2.5 శాతం దానంతటదే ఆ ఖాతాకు వెళ్లేలా బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. నిరుటి బాకీకి ఆరు నెలలు కట్టిన వాయిదాలో ఇది సగం కూడా లేదు కాబట్టి, మీవారిని ఒప్పించడానికి ఈ అంకె చాలు.