జామీను అంగట్లో దొరకదు

ప్రశ్న: అయ్యా, మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా తమ్ముడు శ్రీకాకుళంలో ఆటో నడుపుతాడు. రథసప్తమి నాడు అరసవల్లిలో ఆటోలు నిలిపే చోట గొడవ జరిగింది. ఇనుప రాడ్డుతో కొట్టాడని కేసు పెట్టారు. కోర్టు బెయిల్ ఇచ్చి 10 రోజులైంది. 25,000 రూపాయలకు వాడి సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. మగవాళ్లంతా చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లారు. జామీను ఇచ్చేవారు లేక వాడు అంపోలు జైల్లోనే ఉన్నాడు. 50,000 మేం ఎక్కడ తేగలం? మా ఊరి మాస్టారి అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. పదో వంతు కడితే మిగతాది బెయిల్ బాండ్ కంపెనీ చూసుకుంటుందని ఫోనులో చెప్పాడు. కోర్టు ఎదుట టీ దుకాణం దగ్గర ఒకాయన 12,000 ఇస్తే ఇద్దరిని తెస్తానంటున్నాడు. శ్రీకాకుళంలో నమ్మకమైన బెయిల్ బాండ్ ఆఫీసు ఎక్కడుందో చెప్పగలరా?
– ఒక అక్క, ఎచ్చెర్ల మండలం

జవాబు: అమ్మా, అలాంటి ఆఫీసు శ్రీకాకుళంలోనే కాదు, మన దేశంలోనే లేదు. మాస్టారి అబ్బాయి అబద్ధం చెప్పలేదు, అక్కడి పద్ధతి చెప్పాడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బెయిల్ మొత్తంలో సుమారు పదో వంతు రుసుముగా తీసుకుని, ముద్దాయి వాయిదాకు రాకపోతే మిగతాదంతా తామే కోర్టుకు కడతామని పూచీ పడే వ్యాపారులు ఉన్నారు. కేసు కొట్టేసినా ఆ రుసుము తిరిగి రాదు. అక్కడ కూడా కెంటకీ, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు ఈ వ్యాపారాన్ని ఒప్పుకోవు. మన చట్టంలోనూ బెయిల్ బాండ్ అనే మాట ఉంది కానీ, అది జామీనుదారు సంతకం చేసే కాగితం పేరు. దుకాణం పేరు కాదు.

50,000 ఎక్కడ తేవాలన్నారు. నేను కోర్టుల్లో గుమస్తాగా చేరి సిరస్తదారుగా దిగేవరకు 31 ఏళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈ భయంతో మెడలోని పుస్తెలతాడు తాకట్టు పెట్టి వచ్చిన తల్లిని చూశాను. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు మీకూ ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ డబ్బు ఇప్పుడు ఎవరూ కట్టనక్కర్లేదు. 'వీడు ప్రతి వాయిదాకూ వస్తాడు, రాకపోతే 25,000 నేను కడతాను' అని ఒక మనిషి మాట ఇవ్వాలి, ఆ మాటకు తగిన ఆస్తో ఆదాయమో తనకు ఉందని కాగితం చూపాలి. జామీను అంటే ఇంతే.

ఆ మనిషికి మీసం ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. మీరే నిలబడవచ్చు. తోడబుట్టినవారు పనికిరారనడం కోర్టు వరండాలో పుట్టిన పుకారు. మన ప్రభుత్వాలు ఇళ్ల స్థలాల పట్టాలు ఎక్కువగా ఆడవాళ్ల పేరునే ఇచ్చాయి కదా, మీ వీధిలో ఎవరి పేరున ఇల్లుందో చూడండి. పంచాయతీ ఇంటిపన్ను రసీదు, ఆధార్, ఫొటోలు పట్టుకుని వాళ్లలో ఒకరు మీతో వస్తే ఇద్దరైనట్టే. ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్తకో, బడి పంతులమ్మకో జీతం కాగితం ఉంటే అదీ చూపవచ్చు. ఇంటి విలువపై ధ్రువపత్రం కావాలని కోర్టు అడిగితే గ్రామ రెవెన్యూ అధికారి ద్వారా తహసీల్దారు ఆఫీసులో తీసుకోవాలి. దానికి ఒకటి రెండు రోజులు తిరగక తప్పదు. ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నారో కూడా ప్రతి జామీనుదారూ రాసివ్వాలి. అక్కడ ఒక్క అక్షరం అబద్ధం రాయవద్దు.

ఇక టీ దుకాణం దగ్గరి పెద్దమనిషి. నేను పనిచేసిన ఒక కోర్టులో ఇలాగే కిరాయికి వచ్చిన ఒక జామీనుదారును మేజిస్ట్రేటు గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, 'ముద్దాయి తండ్రి పేరేమిటి?' అని. అతడు తల గోక్కుని, చేతిలోని కాగితం తిరగేసి, చివరికి ముద్దాయి పేరే చెప్పాడు. ఇంటిపన్ను రసీదు చూస్తే వేరే ఊరి వాళ్లది, చిరిగిన చోట అతికించినది. అతడి మీద కేసు నమోదైంది. డబ్బిచ్చిన కుటుంబం ఏమైందంటారా? డబ్బు పోయింది, బిడ్డ మరో నెల లోపలే ఉన్నాడు, పైగా దొంగ జామీను తెచ్చారన్న మచ్చ. మీ 12,000 దాచుకోండి.

నిజంగానే ఇద్దరు దొరకకపోతే మీ వకీలుతో కోర్టులోనే అర్జీ వేయించండి. ఒక్క జామీనుతో వదలమనో, మొత్తం తగ్గించమనో, జామీనుకు బదులు కొంత నగదు డిపాజిట్ చేయనివ్వమనో అడగవచ్చు. వాయిదాలకు సక్రమంగా వస్తే కేసు ముగిశాక డిపాజిట్ తిరిగి వస్తుంది. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో, పేదవాడిని 10,000 రూపాయల జామీను అడగడం, పొరుగు జిల్లా మనిషి జామీనును తోసిపుచ్చడం తప్పని సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగానే రాశారు. కాబట్టి విజయనగరంలో మీకు బంధువులుంటే వాళ్లూ పనికొస్తారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. బెయిల్ వచ్చి 7 రోజులైనా విడుదల కాని ఖైదీ సంగతిని జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. మీ తమ్ముడికి 10 రోజులు దాటాయి కదా. రేపే ఆ సంస్థ కార్యాలయానికి వెళ్లండి, అది జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

జామీను కాగితాలు ఉదయమే దాఖలు చేయండి. విడుదల ఉత్తర్వు అంపోలుకు సాయంత్రం ఆలస్యంగా చేరితే, ఆ రాత్రికి లోపలే ఉంచి మర్నాడు వదులుతారు. టిఫిన్ డబ్బా పట్టుకుని జైలు గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ప్రశ్న: తోటి ఉద్యోగి కొడుక్కి మొహమాటంతో 20,000కు జామీను ఉన్నాను. రెండు వాయిదాలుగా అబ్బాయి రాలేదు, అతడి మీద వారంటు వెళ్లింది. నాకు కోర్టు నోటీసు వచ్చింది. నన్నూ జైల్లో పెడతారా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇప్పుడే పెట్టరు. డబ్బు కట్టండి, లేదా ఎందుకు కట్టనక్కర్లేదో చెప్పండి అన్నదే ఆ నోటీసు సారాంశం. దాన్ని బీరువాలో దాచి ఊరుకుంటేనే చిక్కు. అప్పుడు జరిమానా లాగే వసూలు చేస్తారు. అలా రాకపోతే 6 నెలల వరకు సివిల్ జైలుకు పంపే అధికారం కోర్టుకుంది. నోటీసులో రాసిన తేదీన వెళ్లి, మీరు ఎక్కడెక్కడ వెతికారో, ఎవరెవరిని అడిగారో చెప్పండి. కారణాలు నచ్చితే కోర్టు కొంత తగ్గించవచ్చు. అంతకంటే ముందు మీ తోటి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని అబ్బాయి ఎక్కడున్నాడో కనుక్కోండి. ఇలాంటి అబ్బాయిలు సాధారణంగా పిన్నిగారింట్లోనే దొరుకుతారు. మీరే తీసుకెళ్లి హాజరు పరిస్తే మీ భారం చాలావరకు దిగుతుంది. ఆ రోజే, ఇక నేను జామీనుగా ఉండలేనని అర్జీ కూడా ఇవ్వండి. అది మీ హక్కు. కోర్టు మిమ్మల్ని తప్పించి అతడిని వేరే జామీను తెచ్చుకోమంటుంది, తెచ్చుకోలేకపోతే లోపలికి పంపవచ్చు. మీ తోటి ఉద్యోగి కొన్నాళ్లు మాట్లాడరేమో, భోజనం డబ్బా వేరే బల్ల మీద విప్పుకోండి.